తెలుగు రాని కంప్యూటర్: సుభాష్‌పల్లి నుంచి కొంత చరిత్ర

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ ఆ సంస్థ ఆమోదించిన జాబితాలో ఉండాలి. నిన్నటి వరకూ ఏ లోపమూ లేకుండా నడిచిన కంప్యూటర్లు ఒక తేదీ దాటేసరికి పాతవైపోయాయి. పత్రికలు దీన్ని సాంకేతిక పేజీలో చిట్కాల వార్తగా వేశాయి. నాకది రాజకీయ వార్తగానే కనిపించింది. మన డబ్బుతో కొని మన ఇంట్లో పెట్టుకున్న వస్తువు ఎన్నాళ్లు పనికొస్తుందో, అందులో ఏ కిటికీలోంచి లోకాన్ని చూడాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న అందులో ఉంది. తెలుగు చదువరులకు ఆ ప్రశ్న పాతికేళ్ల కిందటే ఎదురైంది. దానికి మనం చెల్లించిన మూల్యం ఎంతో నాకు అర్థమైంది హైదరాబాదులో కాదు, పశ్చిమ బెంగాల్‌లో, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోని ఒక పాత ఇంట్లో.

2021 బెంగాల్ శాసనసభ ఎన్నికల వేళ ఆ ఊరు వెళ్లాను. ఖరగ్‌పూర్ సదర్ నియోజకవర్గం ఒక వింత. సిక్కు కుటుంబానికి చెందిన కాంగ్రెస్ వృద్ధనేత జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్ దశాబ్దాల పాటు అక్కడ గెలుస్తూ వచ్చారు. 2016లో ఆయనను ఓడించి భాజపా నాయకుడు దిలీప్ ఘోష్ శాసనసభలో అడుగుపెట్టారు. తెలుగు ఓటు ఎటు అన్న ప్రశ్న ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. 2020 డిసెంబరులో, ఎన్నికలు మూడు నెలలున్నాయనగా, మమతా బెనర్జీ మంత్రివర్గం రాష్ట్ర అధికార భాషల్లో తెలుగుకు చోటిస్తూ నిర్ణయం తీసుకుంది. ఎన్నికల ముందు భాషల మీద పుట్టే ప్రేమను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. అయినా బెంగాల్‌లో అలాంటి నిర్ణయం జరగగలిగిందంటే, దాని వెనుక నూరేళ్లు దాటిన కథ ఉంది.

ఆ కథ బెంగాల్ నాగపూర్ రైల్వేది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి ఖరగ్‌పూర్ కూడలిగా రూపుదిద్దుకుంది, పెద్ద వర్క్‌షాపు వెలిసింది. అదే కంపెనీ మార్గం వాల్తేరు దాకా సాగడంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగు కూలీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు రైలెక్కి ఇక్కడ దిగారు. 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన పెద్ద సమ్మెలో ముందు నిలిచిన వారిలో బరంపురం తెలుగువాడు వి.వి. గిరి ఒకరు. తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఊరికి పక్కనే హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడ ఖైదీల మీద కాల్పులు జరిగి సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించినప్పుడు వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చారు. ఆ శిబిరం భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐఐటి మొదలైంది. ఈ సంస్థ మన కథలోకి మళ్లీ వస్తుంది.

నేను వెళ్లిన ఇంటి పెద్దాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. తాత విజయనగరం వైపు నుంచి వచ్చాడట. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ. ఓట్ల లెక్క అడగడానికి వెళ్లిన నాకు ఆయన ముందుగదిలోని కంప్యూటర్ చూపించాడు, దాని పక్కనే పెట్టుకున్న ఒక పొడుగాటి లెడ్జరు పుస్తకాన్నీ చూపించాడు. యంత్రంలో ఏ భాగం ఎప్పుడు మార్చిందీ, ఎంతయిందీ, ఎందుకు మార్చిందీ ఫిట్టరు అలవాటు ప్రకారం గళ్లు గీసి రాసుకున్నాడు. ‘ఎందుకు’ అన్న గడిలో పై నుంచి కిందికి చూసుకుంటూ పోతే దాదాపు ఒకటే మాట: తెలుగు.

“మిషను ఎప్పుడూ బాగానే ఉంది బాబూ. దానికి తెలుగు రాదు, అంతే” అన్నాడు.

తెలుగు పత్రిక ఆయన ఇంటికి విశాఖ వైపు నుంచి రైల్లో రావాలి. “మెయిలు లేటైతే నిన్నటి పేపరు మొన్నటిదైపోద్ది” అని నవ్వాడు. అందుకే 2000 సంవత్సరంలో, రిటైర్మెంటు డబ్బులోంచి కొంత తీసి, కలకత్తా చాందినీ మార్కెట్లో విడిభాగాలు కొనిపించి కంప్యూటర్ కూర్పించుకున్నాడు. సెలెరాన్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98. యూనియన్‌లో తిరిగిన మనిషి కంప్యూటర్ కొన్నాడంటే తోటివారు వింతగా చూశారట. ఆ వింతకూ ఒక చరిత్ర ఉంది. 1960లలో కలకత్తా ఇలాకో హౌస్‌లో జీవిత బీమా సంస్థ కంప్యూటర్ పెట్టబోతే ఉద్యోగులు రాత్రింబవళ్లు కాపలా కాసి అడ్డుకున్న రాష్ట్రం అది. ఉద్యోగాలు పోతాయన్న భయం అబద్ధమని నేననను. 1927 సమ్మెను గుర్తుంచుకున్న ఊళ్లో ఆ భయం మరీ సహజం. అయితే యంత్రం ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి భాషలో మాట్లాడుతుంది అన్న ప్రశ్నను మాత్రం అప్పట్లో ఎడమవారూ కుడివారూ ఎవరూ వేయలేదు.

ఆ ప్రశ్న వేసినవాళ్లు ఇంజనీర్లు. ఐఐటి కాన్పూర్‌లో మొదలై 1988లో పుణెలోని సీ-డాక్‌కు చేరిన జిస్ట్ పరిజ్ఞానం ఫలితంగా ఒక కార్డు తయారైంది. దాన్ని కంప్యూటర్ లోపల బిగిస్తే తెర మీద భారతీయ లిపులు కనిపించేవి. అంటే మన భాష కోసం యంత్రంలో అదనపు పలక ఒకటి కొనాలి. ఇంగ్లీషుకు ఆ ఖర్చు లేదు! భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణం ఏర్పడింది. దాని 1988 రూపాన్ని ఆధారం చేసుకుని 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రతిలోనే తెలుగుకు 128 స్థానాలు దక్కాయి. కాగితం మీద ఆ రోజే మన సమస్య తీరింది. వాస్తవంలో తీరడానికి మరో పదిహేనేళ్లు పట్టింది, ఆ పదిహేనేళ్ల నష్టం ఇప్పటికీ పూడలేదు.

అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఆగలేదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల తొలినాళ్లలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. దానితో తెలుగు చర్చలు, పద్యాలు, తగవులు అన్నీ నడిచాయి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన నగరాల్లో ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. పేరున్న తెలుగు దినపత్రికలు దశాబ్దం చివరికి వెబ్‌లోకి వచ్చాయి. వాటిని చూడాలంటే బ్రౌజర్ కావాలి. దాన్ని మన నెటిజన్లు కొందరు ‘విహారిణి’ అన్నారు. ముచ్చటైన మాటే గానీ, జనం నాలుక మీద బ్రౌజరే నిలిచింది.

సరిగ్గా అప్పుడే అమెరికాలో బ్రౌజర్ల యుద్ధం సాగుతోంది. ఒక పక్క నెట్‌స్కేప్ నావిగేటర్, మరో పక్క విండోస్‌తో కలిపి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. 1998 మేలో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద గుత్తాధిపత్య కేసు పెట్టింది. ఆ సంస్థను రెండుగా చీల్చాలని 2000 జూన్‌లో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఆదేశించారు. 2001లో పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఈలోగా నెట్‌స్కేప్ నేలకూలింది. మన పత్రికలు ఇదంతా విదేశీ వాణిజ్య వార్తగా వేశాయి. అదే కత్తి తమ వెబ్ పుటల గొంతు మీద ఉందని అవి గ్రహించినట్టు కనిపించదు.

ఎలాగంటే, అప్పటి పత్రికలు యూనికోడ్‌లో లేవు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన 256 గళ్లలో తెలుగు ముక్కలను దూర్చిన సొంత ఫాంట్లు వాడేవి. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో కొమ్ము, మరో గడిలో వత్తు. ఏ గడిలో ఏది అన్నది పత్రిక పత్రికకూ వేరు. పాఠకుడి దగ్గర ఆ ఫాంటు ఉండదు గనుక దాన్ని పుటతోపాటే పంపే ‘డైనమిక్ ఫాంట్’ పద్ధతి వచ్చింది. 1997 నాటి నాలుగో వెర్షన్లలో నెట్‌స్కేప్ ఒక పద్ధతి పెట్టింది, మైక్రోసాఫ్ట్ మరో పద్ధతి పెట్టింది. ఒకదానికోసం చేసిన ఫాంటు రెండోదానిలో పనిచేయదు. 2000లో వచ్చిన నెట్‌స్కేప్ 6 తన పాత పద్ధతిని తానే వదిలేసింది. ఇక మిగిలింది ఎక్స్‌ప్లోరర్. తెలుగు చదవాలంటే ఎక్స్‌ప్లోరర్, ఎక్స్‌ప్లోరర్ కావాలంటే విండోస్. వాషింగ్టన్ కోర్టులో గుత్తాధిపత్యం మీద వాదనలు నడుస్తుండగానే సుభాష్‌పల్లి ఇంట్లో ఆ గుత్తాధిపత్యం స్థిరపడిపోయింది. పెద్దాయన ఎంచుకున్నదేమీ లేదు.

ఆ ఫాంట్లకు ఇంకో గుణం ఉండేది. సాధారణంగా అవి ఆ పత్రిక చిరునామా నుంచి వచ్చిన పుటలోనే పనిచేసేలా తాళం వేసి ఉండేవి. పెద్దాయన నచ్చిన వ్యాసాలను కంప్యూటర్‌లో దాచుకున్నాడు. మర్నాడు తెరిస్తే యూరపు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు. ఒక ఫైలు నాకు తెరిచి చూపించాడు. తెర నిండా అర్థంలేని లాటిన్ గుర్తులు. “ఇది తెలుగే బాబూ, నేను చదివాను” అన్నాడు, ఎవరో తన మాట నమ్మరేమోనన్నట్టు.

నా వృత్తికి సంబంధించిన అసలు దుఃఖం ఇక్కడే ఉంది. 1999 నుంచి దాదాపు పదేళ్లు తెలుగు రాజకీయాల్లో ఎంత ముఖ్యమైనవో చెప్పనక్కరలేదు. 2000 ఆగస్టు 28 బషీర్‌బాగ్ కాల్పులు, 2001 ఏప్రిల్‌లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టుక, 2004 ఎన్నికలు. ఈ ఘట్టాల మీద ఆనాటి ఇంగ్లీషు పత్రికలు రాసింది నేడు రెండు మాటలు కొట్టి వెతకవచ్చు. అదే రోజుల్లో తెలుగు పుటల్లో వచ్చిన సంపాదకీయాలు, జిల్లా విలేఖరుల కథనాలు వెతుకులాట యంత్రానికి తెలుగే కావు. అక్కడక్కడ ఏ సర్వర్‌లోనో మిగిలినా అవి చచ్చిన ఫాంట్ల శిథిలాలు. ఫలితంగా ఆ కాలపు మన చరిత్ర రాసేవాడు ఇంగ్లీషు విలేఖరి కళ్లతోనే చూస్తాడు, లేదా గ్రంథాలయంలో పాత కాగితాల కట్ట విప్పుతాడు. ఏ బ్రౌజర్ వాడాలన్నది అభిరుచికి సంబంధించిన చిన్న విషయమనుకునేవారికి నా జవాబు ఇది: ఒక దశాబ్దపు ప్రజాజీవితపు జ్ఞాపకం ఆ నిర్ణయంలో పోయింది.

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చింది. తెలుగు యూనికోడ్‌కు అవసరమైన ఏర్పాటు, గౌతమి అనే ఫాంటు అందులో ఉన్నాయి. కానీ ఆ ఏర్పాటు నిద్రపోతూ ఉండేది. కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతీయ భాషల విభాగానికి వెళ్లి ‘సంక్లిష్ట లిపుల’ ఫైళ్లు వేయమని ఒక గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడది విండోస్ సీడీ అడుగుతుంది. మన దేశంలో కూర్పించుకున్న కంప్యూటర్లలో ఎన్నిటికి అసలు సీడీ ఉండేది? లెడ్జరులో 2003 పద్దు ఇలా ఉంది: మరో 128 ఎంబీ ర్యామ్, ఎక్స్‌పీ వేయించుట. దాని కింద మరో పద్దు: సీడీ కొరకు కలకత్తా, రానుపోను. దుకాణదారు ముందు ముఖం చాటేసి, చివరికి ఒక రోజుకు సీడీ అరువిచ్చాడట. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు దాదాపు 115 కిలోమీటర్లు. తన మాతృభాష తన సొంత యంత్రంలో కనబడడానికి మనిషి రైలెక్కి వెళ్లి రావలసి వచ్చింది.

అంతా అయ్యాక కూడా వత్తులు కొన్ని పక్కకు జారేవి. అక్షరాల కూర్పును చూసే ఒక చిన్న సిస్టమ్ ఫైలు పాతది కావడం దానికి కారణం. కొత్త ఆఫీస్ ప్యాకేజీతో వచ్చిన ఫైలును తెచ్చి పాతదాని స్థానంలో పెట్టుకోవాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఆ రోజుల్లో ఎందరికో దిక్కయ్యాయి. ఇలాంటి సేవలకు ఏ అకాడమీ బిరుదులూ రావు.

యూనికోడ్ కనబడడమైతే మొదలైంది, కానీ అందులో చదవడానికి ఏముంది? 2003 డిసెంబరులో వెన్న నాగార్జున ప్రారంభించిన తెలుగు వికీపీడియా ఇంకా పసిగుడ్డు. పత్రికలు పాత ఫాంట్లలోనే ఉన్నాయి. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వెలువడింది. నెట్‌స్కేప్ శిథిలాల్లోంచి వచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. అదే నాగార్జున దానికోసం ‘పద్మ’ అనే పొడిగింత రాశారు. పత్రికల సొంత ఫాంట్ల గళ్ల పట్టికలను ఒక్కొక్కటిగా విప్పి, పుట తెరుచుకుంటుండగానే దాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చే పనిముట్టు. పత్రికా సంస్థలు చేయని పని, ప్రభుత్వం చేయించని పని, ఒక వ్యక్తి తీరిక వేళల్లో చేశాడు. అప్పుడు మొదటిసారిగా తెలుగు పాఠకుడికి బ్రౌజర్‌ను ఎంచుకునే వీలు కలిగింది. 2006లో వీవెన్ తెచ్చిన ‘లేఖిని’ చదవడంతోపాటు రాయడాన్నీ సులువు చేసింది. తెలుగు బ్లాగులు వెల్లువెత్తింది ఆ తర్వాతే. ఈ రాతలూ ఆ కాలువ నీళ్లే.

ఫైర్‌ఫాక్స్‌లోనూ లోపాలున్నాయి. పేరాను రెండంచులకూ సమానంగా సర్దితే 2008లో మూడో వెర్షన్ వచ్చేదాకా అక్షరాలు విడివిడిగా చెదిరిపోయేవి. “దయచేసి జస్టిఫై చేయకండి” అని ఒకరినొకరు బతిమాలుకున్న రోజులు పాతవారికి గుర్తుండే ఉంటాయి. సుభాష్‌పల్లి లెడ్జరులో 2006 పద్దు: ఫైర్‌ఫాక్స్, పద్మ. ఖర్చు గడి ఖాళీ. ఆరేళ్ల లెక్కల్లో ఖాళీగా ఉన్న ఖర్చు గడి అదొక్కటే.

ఆ ఇంటికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఐఐటిలో 1993లో మెటలర్జీ పట్టా తీసుకున్న మద్రాసు కుర్రవాడు సుందర్ పిచాయ్. 2004లో గూగుల్‌లో చేరి, మొదట ఎక్స్‌ప్లోరర్‌లో అతికించే గూగుల్ టూల్‌బార్ పని చూశాడు. ఎదుటివాడి ఇంట్లో అద్దెకుంటే ఎప్పటికైనా ముప్పేనని గ్రహించి సొంత ఇల్లు కట్టాలన్నవారిలో అతను ముఖ్యుడు. అప్పటి అధిపతి ఎరిక్ ష్మిట్ మొదట ఒప్పుకోలేదు. 2008 సెప్టెంబరు 2న క్రోమ్ వచ్చింది. 2015లో పిచాయ్ సంస్థకు అధిపతి అయ్యాడు. హిజ్లీ నిర్బంధ శిబిరంలో పుట్టిన విద్యాసంస్థ తయారుచేసిన మనిషి చేతి మీదుగా ప్రపంచంలో సింహభాగం కంప్యూటర్లు ఒకే కిటికీ ముందుకు చేరాయి. ఊరివాళ్లు గర్వంగానే చెబుతారు. నేను కాదననుగానీ, గర్వంతో పాటు పాత కేసు కూడా గుర్తొస్తుంది. 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా వెతుకులాటలో గూగుల్ చట్టవిరుద్ధ గుత్తాధిపత్యం నడుపుతోందని తేల్చారు. క్రోమ్‌ను అమ్మించాలని ప్రభుత్వం కోరింది. 2025 సెప్టెంబరులో అందుకు జడ్జి నిరాకరించారు. జాక్సన్ తీర్పు గతి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు.

ఢిల్లీ ఏం చేసింది? 2022 అక్టోబరులో పోటీ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అది చెప్పుకోదగిన పనే. 2023 ఆగస్టులో కేంద్ర ఐటీ శాఖ స్వదేశీ బ్రౌజర్ పోటీ ప్రకటించింది. మొత్తం బహుమతి సొమ్ము 3.41 కోట్లు. 2025 మార్చిలో జోహో సంస్థవారి ‘ఉలా’ గెలిచి కోటి రూపాయలు పొందింది. ఉలా మంచి బ్రౌజరే కావచ్చు, కానీ దాని పునాది క్రోమ్‌కు ఆధారమైన క్రోమియమే. గోడలకు రంగు మనది, పునాది గూగుల్‌ది. దీన్ని సార్వభౌమత్వమని టముకు వేయడం అతి. పైగా పోటీ నిబంధనల్లో ప్రధానమైనది భారత ప్రభుత్వ ధ్రువీకరణ వ్యవస్థను బ్రౌజర్ నమ్మాలన్నది. 2014లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ పేరిట అనధికార ధ్రువపత్రాలు వెలువడి గూగుల్, మైక్రోసాఫ్ట్ వాటిని రద్దు చేసిన సంగతి మరువలేం. నమ్మకం ముందు సంపాదించుకోవాలి, నిబంధనగా రాస్తే రాదు.

తెలుగు ప్రభుత్వాల మాట కూడా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆలస్యంగానైనా యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకుంది. గిడుగు, గురజాడ, సురవరం వంటి పేర్లతో ఉచిత ఫాంట్లు వచ్చాయి. ఆ తర్వాత ఆసక్తి సన్నగిల్లింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసింది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రానికి మింగుడుపడలేదని మనం నవ్వుకుని ఊరుకున్నాం. పాత పత్రికల వెబ్ పుటలను పద్మ పద్ధతిలో యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచే పథకం పెట్టమని ఏ రాజకీయ పక్షమూ అడగలేదు. 2017 చివర్లో ఫైర్‌ఫాక్స్ తన పాత పొడిగింతల విధానాన్నే ఎత్తివేయడంతో పద్మ కూడా ఆగిపోయింది. అప్పటికి పత్రికలు యూనికోడ్‌లోకి మారాయి కాబట్టి ఆ లోటు కొత్త పాఠకులకు తెలియలేదు. పాత పుటలకు మాత్రం ఉన్న ఒక్క తాళంచెవీ పోయింది.

2021లో నేను చూసినప్పుడు ఆ ఇంట్లో విండోస్ 7 ఉంది. 2011లో మదర్‌బోర్డుతో సహా మార్చిన యంత్రం. అప్పటికే దానికీ మద్దతు ఆగిపోయింది. పింఛను కాగితాల కోసం తెరిచే ఒక సైటు ‘మీ బ్రౌజర్ పాతది’ అని తిరగ్గొడుతోందని చెప్పాడు. కొత్తది కొనండి అన్నాను, అనాలోచితంగా. “దీనికేం రోగం?” అన్నాడు.

మొన్న అక్టోబరులో విండోస్ వార్త చూసి ఫోన్ చేశాను. పక్కింటి కుర్రవాడు, ఇంజనీరింగ్ చదువుతున్నవాడు, అదే యంత్రంలో లైనక్స్ వేసిపెట్టాడట. ఫైర్‌ఫాక్స్ ఉందట. లెడ్జరులో ఏం రాశారని అడిగితే కళ్లజోడు తెచ్చుకుని చదివి వినిపించాడు. ఖర్చు: పెన్ డ్రైవ్ ఒకటి. తెలుగు వచ్చుచున్నది. ప్రింటరు రావడం లేదు.